హోటల్లో విన్న మాట

భూలక్ష్మికి, బహ్రెయిన్‌లో నేను బాగున్నాను.

కార్డు మీద ఎద్దు బొమ్మ చూసి అవ్వ బెంగపడుతుంది. నేను పెద్దకూర ముట్టలేదని ముందే చెప్పు.

ఈ కార్డు ఇక్కడి హూరా పేటలో, పెద్దకూర కాల్చి పెట్టే కొత్త అమెరికన్ స్టేక్ హోటల్‌వాళ్లది. అందులో టైల్స్ వేసింది మేమే కాబట్టి, తెరిచిన రోజు మమ్మల్ని భోజనానికి పిలిచారు. కూర్చోగానే నేపాలీ వెయిటరు "వెల్‌డన్?" అన్నాడు. పని మెచ్చుకున్నాడనుకుని, "థాంక్యూ భాయ్, ఈ టైల్సన్నీ నేనే వేసిన" అన్నాను. అతను నవ్వాడు. మాంసం బాగా కాల్చాలా అని అడిగాడట! చికెన్ తెమ్మన్నాను. పక్కన పొట్టుతోనే కాల్చిన ఆలుగడ్డ పెట్టాడు, అదే ఎక్కువ నచ్చింది. బయలుదేరుతుంటే నేల మీద బూటుతో తట్టి, "ఇది కూడా వెల్‌డన్, భాయ్" అన్నాడు. ఇక్కడికొచ్చిన పదకొండేళ్లలో నాతో ఆ మాట అన్నది అతనొక్కడే.

అవ్వ కళ్లల్లో చుక్కలు వేస్తున్నావా? పాప కాలి కొలత కాగితం మీద గీసి పంపు, చెప్పులు కొంటాను. అవ్వకు దండాలు.

వాకిట్లో గచ్చు పోయించిన ఫోటో తమ్ముడు పంపాడు. చుక్క నీరు నిలవకుండా వాలు పెట్టించావు, నేనున్నా అంతకంటే బాగా పెట్టలేను. నీతో ఆ మాట నేనూ ఎప్పుడూ అనలేదు. వెల్‌డన్, భూలక్ష్మీ.

ముత్తన్న