సందు మూసేస్త

మంగళవారం, నిర్మల్.

బొమ్మల కర్ర నిల్వకు తవ్వే సెల్లార్‌లోకి చెమ్మ, వేడి దిగకుండా గోడకు బయటి నుంచి థర్మకోల్ లాంటి షీట్లు అతికించాలట. "అతికేటందుకు గోడ బయట మనిషి పట్టే జాగ తవ్వి ఇడువాలె అన్నా," అన్నాడు మేస్త్రీ. హద్దు దాకా కడదామనుకున్న నాకు చిరాకేసింది.

పక్కింటి రూతు పెద్దమ్మ మాత్రం నవ్వింది. "మంచిగైంది బిడ్డా. మన రెండిండ్ల నడుమ గా సందులనే నేను, మీ అవ్వ నిలబడి ముచ్చట పెట్టేటోళ్లం. పొయ్యి మీద కూర మాడినా సోయి ఉండకపోయేది."

నిజమే. మాడు వాసన రాగానే బాపు ఇంట్లోంచి "సందు మూసేస్త!" అని అరిచేవాడు. ఆ కూరే తిని, మర్నాడు మళ్లీ అరిచేవాడు.

షీట్లు అతికించి గోడ పక్క గుంత పూడ్చాక, పైన సందు మిగులుతుంది. బాపు ఉత్తగనే అన్న మాటను నేను సిమెంటుతో నిజం చేయబోయాను.