కొడవలి కణాలు ఆగిన మలుపు

తాయీ,

అక్కా, నీ జబ్బుకు నీది కాని రక్తంతో లెక్క కట్టారు. కట్టించింది మా ల్యాబ్ పెద్ద ఖాండేకర్ సర్.

ఒక్క చుక్కతో సికిల్ సెల్ జబ్బును పట్టేస్తుందంటూ గడ్చిరోలి ఊళ్లకు పంపబోతున్న గాజుబిళ్ల గురించి చెప్పాను కదా. దాని వెంట్రుకంత కాలువల్లో రక్తం ఎలా పారుతుందో కంప్యూటర్‌లో ముందుగా చూసేది నేనే. సర్ చెప్పినట్టు జబ్బు లేనివాళ్ల గుండ్రటి కణాలతో నడిపితే చక్కగా సాగింది. నీలాంటివాళ్ల కొడవలి కణాలు పెట్టాను. మొదటి మలుపులోనే ఇరుక్కుని ఆగిపోయాయి. రక్తం చివరనున్న మందును చేరకపోతే జబ్బున్నా బిళ్ల రంగు మారదు, రంగు మారకపోతే జబ్బు లేదని ఇంటికి పంపేస్తారు!

పరుగున వెళ్లి చూపించాను.

"సోమవారం మంత్రిగారొస్తున్నారు. గుండ్రటివే ఉంచు," అన్నారు సర్.

"జబ్బు లేని రక్తంతో జబ్బునెలా పడతాం సర్?"

"నాలుగు కరపత్రాలు చదివి నాకే పాఠమా మడావీ? ఆ కారమంతా వెళ్లి నువ్వు తినే అటుకుల తర్రీ పోహాలో పోసుకో!"

గదంతా నవ్వింది. నాకు మాత్రం నువ్వు కీళ్లనొప్పులతో మంచంపట్టీని కొరికిన రోజు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

మంత్రి ముందు బిళ్లపై సర్ తన రక్తమే వేసి చూపిస్తారట. అది పారక ఏం చేస్తుంది?

నన్ను తీసేస్తారేమో, అమ్మకు ఇప్పుడే చెప్పకు. ఆస్పత్రిలో నీ తోటివాళ్లందరినీ వెంటబెట్టుకుని, సోమవారం ఉదయం పదింటికల్లా మా ల్యాబ్ గుమ్మం దగ్గరికి రా. ఆ బిళ్ల మీద మొదటి చుక్క నీదే పడాలి.

నీ తమ్ముడు