పార్కులో పెట్టిన ఫోను

భిలాయి, సెక్టర్ 7
జూన్ 14, ఆదివారం

అక్కకు,

పొద్దున్నే, శిక్షణలో నాకు బోర్డు పని నేర్పే సరితా దీదీ ఫోన్ చేసింది. సెలవు రోజున ఆమె గొంతు వినడమే ఆశ్చర్యం. "కల్ సే తూ అకేలీ బైఠేగీ" అంది. రేపటి నుంచి ఆఫీసు టెలిఫోను బోర్డు దగ్గర నేనొక్కదాన్నే కూర్చోవాలట! శుక్రవారం నేను చేసిన పని తర్వాత ఈ మాట వింటాననుకోలేదు.

ముందు మీరంతా ఎలా ఉన్నారు? బావ నడుం నొప్పి తగ్గిందా? చంటిదానికి పళ్లు వచ్చాయా? నేను బాగున్నాను, బెంగపడకు. వాన ఇంకా రాలేదు. పిన్ని చద్దన్నం పెడుతోంది. ఇక్కడివాళ్లు దాన్ని బోరే బాసీ అంటారు. సాయంత్రం గేటు దగ్గర అందరూ హిందీలో నవ్వుకుంటుంటే మాత్రం నువ్వు గుర్తొస్తావు. అయినా బాగానే ఉన్నాను.

హథ్‌ఖోజ్‌లో మా కార్ఖానాకు బయటి నుంచి వచ్చే ఫోను లైనును ట్రంకు అంటారు. నేను మొదట పెట్టె అనుకున్నాను! లోపలి ఫోన్లు ఎక్స్‌టెన్షన్లు. ఒకరు ఎత్తకపోతే పిలుపు తనంతట తానే పక్క ఫోనుకు పోతుంది. దాని పేరు హంట్, అంటే వేట. ఎంత బాగుందో చూడు. మనిషిని వెతికి పిలవాల్సి వస్తే, ఆ ఫోనును కాసేపు పార్కులో పెడతాం, బండిని నిలిపినట్టు. ఆ మనిషి వచ్చి ఏ ఫోను నుంచైనా అందుకోవచ్చు.

శుక్రవారం ఒకావిడ చేసింది. "క్రేను అప్పలనాయుడు ఉన్నాడేటమ్మా? మాత్తర్లు మర్సిపోనాడు." మన మాట వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. "పార్కులో ఉండండమ్మా, ఆయన్ని పిలుస్తాను" అన్నాను. ఆయన పరుగున వచ్చి అందుకుంటే అవతల ఎవరూ లేరు. తిరిగి చేస్తే ఎత్తరు. ఆయన ముఖం పాలిపోయింది. మేనేజరు గారు కేకలేసి, ఇంకో తప్పు జరిగితే స్టోరుకు పంపేస్తానన్నారు. అక్కడికి పోతే ఈ శిక్షణ కాలేజీ లెక్కలోకి రాదు, నా డిప్లొమా ఏడాది వెనకబడుతుంది.

కాసేపయ్యాక నేనన్న మాటే మళ్లీ మనసులో అనుకున్నాను. అంతే, గేటు ఎదుటి పార్కుకు పరిగెత్తాను. ఆవిడ అక్కడే బల్ల మీద, మాత్రల సంచి ఒళ్లో పెట్టుకుని, చెమటతో తడిసిపోయి ఉంది.

"పార్కులో ఉండమన్నావు కదేటి? ఆటో ఎక్కీసి వచ్చీసినాను. ఈ మనిసేడీ?"

నా వెనకే వచ్చిన అప్పలనాయుడు గారు, "ఫోన్లో ఉండమంటే పార్కుకొచ్చీసినావేటే!" అని అక్కడే కూలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ముందు మాత్తర ఏసుకో" అంది.

ఆ రోజు దీదీ కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఈ పొద్దున మాత్రం నవ్వలేదు. తెలుగువాళ్ల ఫోన్లు ఇక్కడికి చాలా వస్తాయట. ఇన్నేళ్లూ తను హోల్డ్, పార్క్ అనే చెప్పిందట. అర్థంకాక ఎంతమంది పెట్టేశారో అంది. వాళ్ల మాటలో చెప్పే మనిషి కావాలని మేనేజరు గారిని తనే ఒప్పించింది. ఒక్క వారం చూస్తారట.

అమ్మమ్మకు, బావకు నా దండాలు చెప్పు. ఎవరైనా ఇటు వస్తుంటే నీ పాత ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పంపించు. నన్ను మనసారా దీవించు, ఈ వారం నాకది కావాలి. రేపు పొద్దున అందరికంటే ముందే వెళ్తాను. మొదటి ఫోను మోగేలోగా బోర్డు ముందు కూర్చుని, "ఫోను పెట్టకండమ్మా, చెవి దగ్గరే ఉంచుకోండి, ఆయన ఇందులోనే మాట్లాడతారు" అన్న మాట గొంతు వణక్కుండా వచ్చేదాకా పైకి అనుకుంటాను.

నీ చెల్లి,
శ్రావణి