మీ సెంటర్ ప్లేయర్‌కి సన్మానం

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. మీరు ఆటలు నేర్పే పీడీగా పనిచేసిన కాలేజీలో ఈరోజు ప్రభాకర్‌కి సన్మానం చేశారు. యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకి సెంటర్‌గా ఆడిన మొనగాడు కదా మరి.

వాడరేవు నుంచి ఫస్టియర్‌లో చేరినప్పుడు ఆ పొడుగు మనిషికి బంతి పట్టుకోవడమే రాదు. ఎండలో మీరు దగ్గరుండి కాళ్లు కదపడం నేర్పితే, సెకండియర్‌కి రింగుకి తగిలి వెనక్కొచ్చే రీబౌండ్లు అందుకున్నాడు. ఫైనలియర్‌కి జట్టు మొత్తాన్నీ మోశాడు. ఈరోజు మైకులో ఏమన్నాడో తెలుసా?

"నాకెవరూ నేర్పలేదండి. ఆట నా ఒంట్లోనే ఉంది."

ముందు వరుసలో నన్ను చూస్తూనే అన్నాడు. మీరు కొత్త బంతి అడిగినప్పుడల్లా విసుక్కున్న ప్రిన్సిపాల్ గారు చప్పట్లు కొట్టారు. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

తర్వాత నా దగ్గరకొచ్చి, "బాగున్నారా మేడమ్?" అన్నాడు. మనింట్లో అన్నం తిన్నన్నాళ్లూ అమ్మా అని పిలిచిన నోరే.

"బాగానే ఉన్నాను బాబూ. ఇంతకీ మీరెవరు?" అన్నాను. వాడి మొహం మాడిపోయింది.

ఆపైన మ్యాచ్ పెట్టారు. వచ్చేద్దామని లేచాను. అంతలో వాడు బంతి అందుకుని, కుడి మోకాలి మీద బరువు పడకుండా ఎడమకి తిరిగి బాస్కెట్‌లో వేశాడు. మోకాలు అరిగింది మీకు, వాడికి కాదు.

ఆట అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.