గోదారంత యొర్దాను

అక్కా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. కడుపుమంట ఆపుకోలేక రాస్తున్నాను.

పోయిన నెల ఇశ్రాయేలు వెళ్లొచ్చాను. మన బోథ్ ఊరి చర్చి నుంచి అంత దూరం పోయింది నేనొక్కదాన్నే. యెరూషలేము గోడలు తాకాను, యొప్పే దగ్గర సముద్రంలో కాళ్లు తడుపుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ నా చుట్టూ చేరితే, యొర్దాను నది మన ఊరి వాగంత కూడా లేదని చెప్పాను.

ముసలి రాజమ్మవ్వ ఒప్పుకోలేదు. "గట్లెట్లుంటది బిడ్డా? గోదారంత ఉంటదని మీ అక్క సండే స్కూల్ల చెప్తుండె గద! నువ్వే జర సక్కగ చూడలే."

అందరూ తలలూపారు. జిల్లా దాటని నీ మాట నిజమట, కళ్లారా చూసొచ్చిన నాది అబద్ధమట! వాళ్ల కోసం మోసుకొచ్చిన యొర్దాను నీళ్ల సీసాను మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాను. నువ్వున్నప్పుడూ ఇంతే, నా మాట ఎవరు విన్నారు?

ఒక్క సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు. ఆ ఒడ్డున నిలబడి, యాత్రకు మమ్మల్నందర్నీ తీసుకుపోయిన వేరే ఊరి పాస్టరయ్యగారిని నేనూ అడిగాను: "ఇది కాలువ గదయ్యా, నది ఏడుంది?"

నీ చెల్లెలు