రాష్ట్రం దాటిన రైఫిల్

వయోమింగ్,
అక్టోబరు 9

ప్రియమైన నెడ్రా అత్తయ్యకు,

ఇంత కోపంలోనూ 'ప్రియమైన' అనే రాశాను. అమ్మ పోయాక నాకు జడలు వేసింది నువ్వే కాబట్టి. కానీ నువ్వు మొన్న పోస్టులో పంపిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టను. నువ్వెంత ఏడ్చినా, చర్చిలో నీ స్నేహితురాళ్ళంతా నన్ను ఎలా చూసినా పెట్టను.

"రైఫిల్ నేనే మా వెర్ల్ మామయ్యకిచ్చి ఐడహోలో మన వేట క్యాంపుకి పట్టుకెళ్ళమన్నాను" అని నా చేత రాయించాలనుకున్నావు. అది అబద్ధం. పైగా అది రాసిస్తే మామయ్య బయటపడడు, ఆయన పక్కన నేను కూడా నిలబడతాను. పదేళ్ళ జైలు దాకా వెళ్ళగల కేసు ఇది. నా ఫార్మసీ లైసెన్సు పోతుంది. అసలు నాకేం పోతుందో నువ్వొక్క క్షణమైనా ఆలోచించావా?

నువ్వు ఫోన్లో అన్న మాటలు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి.

"సొంత మేనమామని పోలీసులకి పట్టిస్తావా? కాస్త ఆగలేకపోయావా?"

"ఎవరు తీశారో నాకు తెలీదు అత్తయ్యా!"

"తెలీకపోతే అడగాలి!"

"మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తాడా ఆయన?"

దానికి నువ్వు ఫోన్ పెట్టేశావు. అందుకే ఇప్పుడు మొత్తం రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవుగా.

ఆ రోజు మామయ్య నీళ్ళ హీటరు బాగుచెయ్యడానికి మా ఇంటికొచ్చాడు. నేను డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి హీటరు పనిచేస్తోంది, తుపాకుల బీరువాలో రైఫిల్ లేదు. ఆ బీరువా చేసిచ్చిందే మామయ్య, దాని తాళం ఎక్కడ పెడతానో ఆయనకి తెలుసు. అయినా అత్తయ్యా, ఒట్టేసి చెబుతున్నాను, ఆయన మీదకి నా మనసు పోలేదు. ఇంట్లో దొంగ పడ్డాడనుకున్నాను. తనున్నప్పుడు ఎవరైనా వచ్చారేమో అడుగుదామనే ఆయనకి ఫోన్ చేశాను. నా పేరూ మా ఊరి పేరూ చెక్కి ఉన్న తుపాకీ ఏ తాగుబోతు చేతిలో పడిందోనని భయపడి షెరిఫ్ ఆఫీసులో పోలీసులకి చెప్పాను. అప్పటికే సరిహద్దుకి అవతల, మామయ్య బండి వెనక లైటు వెలగట్లేదని పోలీసులెవరో ఆపడం, పక్క సీటు మీద అది కనబడడం అయిపోయాయి. నేను చెప్పకపోయినా ఆయన దొరికేవాడే.

"గొట్టం బెత్తెడు పొట్టిదైతే అంత నేరమా" అన్నావు. అవును, నేరమే. గొట్టం పదహారంగుళాలకి తగ్గితే చట్టం లెక్కలో ఆ రైఫిల్ వేరే జాతి. కొయ్యకముందే ఫెడరల్ ఆఫీసుకి రాసుకోవాలి. ఫొటో ఇచ్చాను, పది వేళ్ళ ముద్రలూ ఇచ్చాను, పన్ను కట్టాను, ఏడు నెలలు ఆగాను. అనుమతి వచ్చాకే పన్నెండున్నర అంగుళాలకి కోయించుకున్నాను. రాష్ట్రం దాటించాలంటే ఏ చోటికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని మళ్ళీ ముందే రాసి, వాళ్ళు ఒప్పుకున్నాకే కదలాలి. అదైనా నా ఒక్కదానికే. నా వెనకాల ఇంకొకళ్ళు దాన్ని ముట్టుకుని తీసుకుపోవడానికి లేదు. ఈ సంగతి మామయ్యకి తెలీదనకు. నేను ఫారాలు నింపుతుంటే ఎదురుగా కూర్చుని, "నా పెళ్ళికి కూడా ఇన్ని కాగితాలు రాయలేదు కదే!" అని నవ్వింది ఆయనే.

అసలు అంత పొట్టిగా ఎందుకు కోయించుకున్నానో ఎవరైనా అడిగారా? నా ఎడమ చెయ్యి పుట్టుకతోనే సన్నం, మోచేతి కింద బలం లేదు. అందరికీ తెలిసిన సంగతే. పదమూడేళ్ళప్పుడు ఎల్క్ దుప్పుల వేటకి మొదటిసారి నన్ను క్యాంపుకి తీసుకెళ్ళారు. నాన్న రైఫిల్ ఎత్తాను. ముందు భాగం బరువుకి గొట్టం మంచులో గుచ్చుకుంది. "ఒంటిరెక్క కోడిపిల్లకి తుపాకీ ఎందుకురా, గిన్నెలు తోమమనండి!" అన్నాడు మామయ్య. పదిమంది మగవాళ్ళు పగలబడి నవ్వారు. నువ్వూ నవ్వావు అత్తయ్యా. నేను నిన్నే చూస్తున్నాను అప్పుడు.

ఇరవై ఏడేళ్ళు తోమాను ఆ గిన్నెలు. ఈ రైఫిల్ చేతికొచ్చాక, రెండేళ్ళ కిందట, నా భుజం మీద నిలబడ్డ మొదటి తుపాకీతో నా మొదటి ఎల్క్‌ని కొట్టాను. నా జీవితంలో చట్టప్రకారం, నా చెమటతో, నా కోసం నేను చేయించుకున్న వస్తువు అదొక్కటే. దాన్ని నన్నడక్కుండా పాత గొడ్డలి పట్టుకుపోయినట్టు పట్టుకుపోయాడు. ఇప్పుడు దాని పేరు చెప్పి నన్నే బోనెక్కమంటున్నారు.

నువ్వు రాసిచ్చిన కాగితం చింపలేదు, దీంతో పాటే తిప్పి పంపుతున్నాను. లాయరు అడిగితే జరిగింది జరిగినట్టు చెబుతాను. అది మామయ్యకి మేలు చేస్తే సంతోషం. చెయ్యకపోతే దానికి బాధ్యురాలిని నేను కాదు.

నీ మేనకోడలు,
రోండా

•

ఐడహో,
మార్చి 14

ఒసేయ్ రోండా,

నేను ఉత్తరం రాయడం నువ్వెప్పుడూ చూసి ఉండవు. పెళ్ళికి ముందు మీ అత్తయ్యకి రెండు రాశాను, ఇది మూడోది. తప్పులుంటే దిద్దుకో.

బొత్తాం కోసం వెతుకుతుంటే మీ అత్తయ్య కుట్టుపెట్టెలో నీ అక్టోబరు ఉత్తరం, దానితో పాటు ఆవిడ నీకు పంపిన కాగితం దొరికాయి. ఆవిడ అలాంటిది రాసి పంపిందని ఇన్నాళ్ళూ నాకు తెలీదు. నువ్వు కబురూ కాకరకాయా లేకుండా ఉంటే, కేసుకి భయపడి దూరంగా ఉన్నావనుకున్నాను. ఆవిణ్ణి నిలదీశాను. "నువ్వు జైల్లో చచ్చిపోతావని భయమేసింది" అని ఏడ్చింది. "అందుకని ఆ పిల్లని కూడా లోపలికి తోస్తావా?" అన్నాను. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ మీద గొంతెత్తడం అదే మొదలు.

నువ్వు సంతకం పెట్టకపోవడం మంచిదైంది. పెట్టి ఉంటే నేను కోర్టులో నిన్ను అబద్ధాలకోరువని చెప్పాల్సి వచ్చేది. ఎందుకంటే మొదటి రోజే ఉన్నదున్నట్టు చెప్పేశాను. పిల్లకి తెలీదు, నేనే బీరువా తీశాను అన్నాను.

నిన్న తీర్పయింది. జైలు లేదు, మూడేళ్ళు కోర్టు నిఘాలో ఉండాలి. ఈ జన్మలో తుపాకీ ముట్టుకోకూడదు. నావి పదకొండూ తుపాకుల కొట్టువాడు వచ్చి కొని పట్టుకుపోయాడు. గోడ మీద వాటి మరకలు మిగిలాయి.

నీకొక నిజం చెప్పాలి. జడ్జి "చట్టం తెలీదా?" అని అడిగితే "తెలుసండీ" అన్నాను. మా లాయరు తల పట్టుకున్నాడు. తెలిసే తీసుకెళ్ళానే. రైఫిల్ ఇటు తెచ్చుకోవడానికి నువ్వడిగిన అనుమతి మంచు పడేలోపు వచ్చేలా లేదు. అది రాకపోతే నువ్వు రావు. నువ్వు లేకుండా క్యాంపుకి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ముందే అక్కడ పెట్టేస్తే చచ్చినట్టు వస్తావనుకున్నాను. ఈ ముసలాణ్ణి ఎవడాపుతాడులే అని పొగరు. నిన్నడిగితే వద్దంటావని తెలుసు. అందుకే అడగలేదు.

ఆ కోడిపిల్ల మాట నాకు గుర్తులేదు. నువ్వు రాశావంటే అన్నాననే అర్థం. అని మర్చిపోయాను చూడు, అది ఇంకా సిగ్గుచేటు.

మీ మామయ్య,
వెర్ల్

•

వయోమింగ్,
మార్చి 22

మామయ్యా,

నీ ఉత్తరం కారులోనే కూర్చుని చదివాను, ఇంట్లోకి వెళ్ళేదాకా ఆగలేకపోయాను. కోపం పోలేదు. పోయిందని రాస్తే నీలాగా నిజం చెప్పినట్టవదు. నన్నడిగి ఉంటే వద్దనేదాన్ని, నీ పదకొండూ గోడ మీదే ఉండేవి. ఒక్క మాట అడగడానికి నీకంత కష్టమైంది. దానికి నువ్వు కట్టిన మూల్యం చూస్తే నీ మీద అరవాలనిపిస్తుంది, అరవడానికి నువ్వు ఎదురుగా లేవు.

అత్తయ్య నిన్న ఫోన్ చేసింది. "నవ్వాను, నిజమే" అంది. ఈసారి ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.

నా రైఫిల్ తిరిగిస్తామని ఉత్తరం వచ్చింది. అది మీ వైపు పోలీసుల దగ్గర ఉంది కాబట్టి ఇంటికి తెచ్చుకోవాలన్నా మళ్ళీ అనుమతి కావాలి. నిన్ననే రాసి పంపాను.

మా ఇంట్లో నాన్న షాట్‌గన్ ఉంది. అందుకని నువ్వు మా గడప తొక్కకపోవడమే మంచిదని లాయరు చెప్పాడు. మా ఊళ్ళో హోటల్లో కలుద్దాం, ఏప్రిల్ ఆఖరి శనివారం. అయితే నిఘాలో ఉన్నవాళ్ళు రాష్ట్రం దాటాలంటే ముందుగా నిఘా అధికారికి రాసుకోవాలని కూడా చెప్పాడు. ఎక్కడికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎవరిని చూడటానికి. అన్నీ రాయాలట.

రాయి మామయ్యా. చివరి దాంట్లో నా పేరు రాయి. కాగితం చేతికొచ్చేదాకా బండి తియ్యకు. ఏప్రిల్ దాటిపోతే మే, మే దాటిపోతే జూన్. నేను ఎక్కడికీ పోను.

నీ
రోండా