నిలబడి తిన్నది

జూన్ 3, మంగళవారం

కంటి డాక్టరు ఆపరేషన్ చెయ్యనన్నాడు. కుడికంట్లో పొర బాగా ముదిరిందట, ఎడమకంట్లో కూడా మొదలైందట. కానీ షుగర్ ఇంత ఉండగా కన్ను ముట్టుకోను, పరగడుపున నూట నలభై లోపుకి తెచ్చుకుని రండి అన్నాడు. నాది రెండు వందల ముప్పై నాలుగు. మాత్రలు రెండేళ్లుగా వేసుకుంటూనే ఉన్నాను.

అక్కణ్నుంచి డైట్ మేడమ్ గదికి పంపారు. చిన్నపిల్ల, మా అబ్బాయి వయసుంటుంది. గళ్లు గీసిన పెద్ద చార్టు ఇచ్చింది. ఏం తిన్నా రాయాలట, దాచకూడదట. నేనెందుకు దాస్తానమ్మా, దేవుడు చూస్తుంటాడు కదా అన్నాను. ఆయన చూసినా నాకొచ్చి చెప్పడు కదా ఆంటీ, మీరే రాయాలి అంది నవ్వుతూ.

గళ్లలో పట్టని సంగతులు రాసుకోవడానికి ఈ నోటుబుక్కు తీశాను. అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. చిన్నవైతే రేపు నాకే కనబడవు.

జూన్ 4, బుధవారం. ఉదయం ఆరు

ప్రార్థన అయింది. దేవుడి పుస్తకం తెరిచాను గానీ అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కంఠతా వచ్చిన పేజీయే చదివాను. చదివినట్టు నటించాను అనాలేమో.

ఇవాళ్టి నుంచి పూటకి ఒక కప్పు అన్నం. కూరగాయలు రెండింతలు. వేపుళ్లు లేవు, పంచదార లేదు. దేవుడా, నా నోరు కట్టెయ్యి, కన్ను తెరువు.

అదే రోజు, సాయంత్రం

అందరికీ పెట్టి చివర్లో కూర్చోవడం నాకు మొదట్నుంచీ అలవాటు. కప్పుతో కొలిచి అన్నం పెట్టుకున్నాను. మా అత్తయ్య వంటింటి గుమ్మం దగ్గర తన కుర్చీలోంచి చూసి, అదేంటే, పిచ్చుకకి పెట్టుకున్నావా అన్నారు. పిచ్చుకైతే రెండోసారి అడుగుతుందమ్మా అన్నారు మా ఆయన. అబ్బాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే నవ్వాడు. నేనూ నవ్వాను.

చార్టులో రాశాను. అన్నం ఒక కప్పు, కూర రెండు గరిటెలు.

తర్వాత వంటిల్లు సర్దాను. గిన్నెల అడుగున ఉన్నవి నోట్లో వేసుకుని, అన్నీ కడిగి బోర్లించి వచ్చాను. ఆకలి అనిపించలేదు. అంతా దేవుడి దయ.

జూన్ 7, శనివారం

ఇవాళా ఆకలి లేదు. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేదాన్ని.

జూన్ 10, మంగళవారం

నిన్న నేను పనిచేసే టైలరు షాపులో ఒక చొక్కాకి నేను కుట్టిన కాజా గుండీకి ఎదురుగా రాలేదు. అరంగుళం కిందికి పోయింది. పంతొమ్మిదేళ్లుగా ఆ షాపులో చేతి కాజాలన్నీ నావే. ఎప్పుడూ ఇలా జరగలేదు. మాస్టరు తనే విప్పి, తనే మళ్లీ కుట్టాడు. పొద్దున వెళ్లేసరికి, అక్కా, కన్ను బాగయ్యేదాకా ఇస్త్రీ బల్ల దగ్గరుండు, నీ సూదిని ఎవరూ ఎత్తుకుపోరులే అన్నాడు. ఎంత మర్యాదగా చెప్పాడో. నా కంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు, వాడి తల్లి పెంపకానికి దండం పెట్టాలి.

ఇస్త్రీ చేస్తూ ఏడ్చాను. ఆవిరికి కళ్లు మండుతున్నాయనుకున్నారు అందరూ.

కాజా కుట్టడం రాకపోతే నేను ఇంక ఆ షాపులో ఎవర్ని? ఆగస్టు లోపు ఆపరేషన్ అయిపోవాలి దేవుడా.

జూన్ 17, మంగళవారం

పై వాటాలో నర్సమ్మాయి అద్దెకుంటోంది. రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఏడింటికి వస్తుంది. తన చిన్న మిషన్ తెచ్చి నా వేలు పొడిచింది. రెండు వందల ఇరవై తొమ్మిది.

రెండు వారాలు కడుపు కట్టుకుంటే తగ్గింది ఐదు.

మిషన్ పాడైందేమో అని మా అబ్బాయి తన వేలు ఇచ్చాడు. తొంభై రెండు. అత్తయ్య, నాదీ చూడవే పిల్లా అని చెయ్యి చాపారు. నూట ఒకటి! ఎనభై రెండేళ్ల మనిషికి! ఆవిడ మా అందరివైపూ ఓసారి చూసి, పాతకాలపు సరుకు, ఇప్పుడు రాదు అన్నారు.

నర్సమ్మాయి నా చార్టు చూసింది. పిన్నిగారూ, ఇంతే తింటే ఇది తగ్గి తీరాలే అంది. కానీ ఆ చూపు నాకు తెలుసు, పరీక్షలో పక్కవాళ్లది చూసి రాసిందనుకునే టీచరు చూపు అది. చాలా చిన్నబుచ్చుకున్నాను. దేవుడి మీద ఒట్టు, రాసిందంతా నిజం.

రేపట్నుంచి అరకప్పు.

జూన్ 22, ఆదివారం

ఆదివారం అత్తయ్య పాలతో తీపి చేస్తారు. వాళ్ల అమ్మ చేసేవారట, వాళ్ల అమ్మమ్మ చేసేవారట. చేతులు వణుకుతున్నా గరిటె ఎవరికీ ఇవ్వరు. ఈసారి నాకు పెట్టబోయి, వద్దులే, నీ కన్ను నయమయ్యాక నీ గిన్నె కూడా కలిపి పెడతా అన్నారు. అలా అనడమే తీపి. చార్టులో, తీపి: లేదు అని ధైర్యంగా రాశాను.

మా ఆయన ఎప్పటిలాగే తన గిన్నెలో చివరి చెంచా నాకు వదిలారు. పెళ్లైన కొత్తలో మొదలుపెట్టారు ఇది. అప్పట్లో ఇంటినిండా జనం, అన్నమూ కూరా మిగిలినా తీపి మిగిలేది కాదు. మిగతా వంటంతా చేసినమ్మ నోట్లోకి పోకపోతే ఎలా అని ఒక చెంచా ఉంచేవారు. ఇరవై ఎనిమిదేళ్లయింది. రోజంతా బస్సు నడిపి వచ్చిన మనిషి, ఒక్క ఆదివారం కూడా మర్చిపోలేదు. ఆ చెంచా కాదనలేదు. అది తిండి కిందికి రాదు కదా.

జూన్ 24, మంగళవారం

రెండు వందల ముప్పై ఒకటి. అరకప్పే తిన్నాను దేవుడా.

జూన్ 25, బుధవారం

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

అత్తయ్యకి చదువు రాదు. సాయంత్రం మా అబ్బాయిని పిలిచి, మీ అమ్మ ఆ కాగితంలో ఏం రాస్తోందో చదవరా అన్నారు. వాడు చదివాడు. అరకప్పు, రెండు గరిటెలు, ఒక రొట్టె. అత్తయ్య మొత్తం విని, ఇదేనా, ఇంకో కాగితం ఉందా అన్నారు. ఇదే నానమ్మా అన్నాడు. మరి నిలబడి తిన్నదో అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఏం నిలబడి అన్నాను.

మరి గిన్నెలు ఏ పిల్లి నాకుతోందే ఈ ఇంట్లో అన్నారు. గుమ్మం దగ్గర కూర్చునేది నేను, చూపు తగ్గింది నీకు గానీ నాకు కాదు, గరిటె పెట్టి గిన్నె గీకుతుంటే ఆ చప్పుడు వీధి చివరికి వినబడుతుంది, కూర్చుని పిచ్చుక, నిలబడితే ఏనుగు అన్నారు.

మా అబ్బాయి పకపకా నవ్వి, నా ముఖం చూసి ఆపేశాడు.

నేను అబద్ధం రాయలేదు. నిజంగా నాకు తట్టలేదు. పళ్లెం ముందు కూర్చుని తింటేనే తినడం. వంటింట్లో నోట్లో వేసుకునేది గిన్నె కడగడంలో భాగం. ఒక్క గరిటె కూర కోసం ఫ్రిజ్‌లో చోటు ఎవరు చేస్తారు? పారేస్తే పాపం. ఒక్క మెతుకు వెనక ఎందరి కష్టమో. అందుకని నోట్లో వేసుకుంటాను. అంతే.

జూన్ 26, గురువారం

ఇవాళ మామూలుగానే ఉండి, నిలబడి తిన్నదంతా ఇక్కడ రాశాను. అబ్బాయి సగం వదిలేసిన రొట్టె, పాలగిన్నె మీగడ, ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికని రెండుసార్లు కూర, మధ్యాహ్నం అన్నం గిన్నె అడుగున మిగిలింది, అది ఉత్తదెలా తింటాను, దాంట్లోకి కూర గిన్నె తుడిచింది, అబ్బాయి పళ్లెంలో పక్కకి నెట్టిన బంగాళదుంప ముక్కలు, సాయంత్రం అత్తయ్య వద్దన్న బిస్కెట్ రెండో సగం, మళ్లీ అన్నం, మళ్లీ కూర.

చార్టులో రోజుకి ఒక్క కప్పు. ఈ పేజీలో అన్నమే మూడు కప్పులు దాటింది.

సిగ్గుపడుతూ డైట్ మేడమ్‌కి ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను. ఆ పిల్ల, ఆంటీ, మా అమ్మ కూడా ఇంతే, నాకెందుకు తట్టలేదు అంది. నిలబడి తిన్నదానికి చార్టులో ఇంకో గడి గీస్తానంది.

జూన్ 27, శుక్రవారం

మిగలకుండా వండాను. మనిషికి ఇంత అని కొలిచి. మా ఆయన రెండోసారి పెట్టుకుంటుండగా అన్నం గిన్నె అడుగు కనబడింది. అత్తయ్య ముఖం మారిపోయింది. ఈ ఇంట్లో గిన్నె అడుగు కనబడకూడదు. నేను కాపురానికి వచ్చిన మొదటి రోజు ఆవిడ చెప్పిన మొదటి మాట అది. ఇన్నేళ్లలో ఎప్పుడూ కనబడనివ్వలేదు. ఆవిడ ఇంకేమీ పెట్టుకోకుండా చెయ్యి కడిగేసుకున్నారు.

జూన్ 28, శనివారం

మళ్లీ ఎప్పటిలా వండాను. మిగిలింది చెత్తబుట్టలో వెయ్యబోయాను, చెయ్యి రాలేదు. గిన్నె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. చివరికి తిన్నాను. తింటుంటే కుర్చీలోంచి అత్తయ్య చూస్తూనే ఉన్నారు. ఆ చూపుకే భయమేసింది.

జూన్ 29, ఆదివారం

ఇవాళ తీపి చెయ్యలేదు అత్తయ్య. నన్ను పిలిచి పక్కన కూర్చోమన్నారు.

ఆవిడ చిన్నప్పుడు ఇంట్లో తొమ్మిది మందట. పంటల్లేని రెండేళ్లు. వాళ్ల అమ్మ అందరికీ పెట్టి, నేను వండుతూనే తిన్నాను, నాకు చాలు అనేవారట. రోజూ అదే మాట. పిల్లలందరూ నమ్మారట. ఆవిడ పోయాక గానీ తెలియలేదట, తినలేదని. అప్పటికి వాళ్లమ్మకి ముప్పై నాలుగేళ్లు.

అందుకని పెట్టానే ఆ పద్ధతి అన్నారు. గిన్నె అడుగు కనబడకూడదంది వచ్చేవాళ్ల కోసం కాదే, గొప్ప కోసమూ కాదు. వండిన మనిషికి మిగలాలని. నీకు మిగలాలని. నీ కళ్లు పోవాలని కాదమ్మా అన్నారు.

అత్తయ్య నన్ను అమ్మా అనడం అదే మొదటిసారి. నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను. మీరు నాకు పెట్టింది కడుపునిండా తిండే కదా అత్తయ్యా, ఇంకేం చేశారు అన్నాను. ఎక్కువ పెట్టాను అన్నారు. ఇద్దరం ఏడ్చి, ఇద్దరం నవ్వాం.

పారేయడం పాపం కదా అని అడిగాను. ఆకలి లేకుండా తింటే అదీ పారేయడమే, చెత్తబుట్ట మారిందంతే అన్నారు.

జూన్ 30, సోమవారం

కొత్త పద్ధతి. వండగానే మొదటి పళ్లెం నాది. అత్తయ్యే లేచి వచ్చి, వణికే చేత్తో కప్పు నింపి పెట్టారు. అందరితోపాటు కూర్చోబెట్టారు. వండిన మనిషి పళ్లెం ముందు నిండితే ఇక గిన్నె అడుగు కనబడినా నాకు బాధ లేదు అన్నారు. ఒక మనిషికి సరిపడా మాత్రం ఎవరూ తినకముందే మూత డబ్బాలో తీసి పెట్టించారు. పొద్దున డ్యూటీ దిగి వచ్చే నర్సమ్మాయికట. ఊరికే వేలు పొడిపించుకుంటామా అన్నారు.

ఎవరి పళ్లెం వాళ్లే ఖాళీ చెయ్యాలని అబ్బాయికి ఆర్డర్. వాడు బంగాళదుంపలు తినలేక తినలేక తిన్నాడు.

అందరి మధ్యలో కూర్చుని తింటుంటే కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జూలై 6, ఆదివారం

తీపి చేశారు. పంచదార సగానికి తగ్గించి, బాదంపప్పు కలిపి. మీ అమ్మమ్మ గారు ఒప్పుకుంటారా అని ఏడిపించాను. ఆవిడకి షుగర్ అంటే ఏంటో తెలీదులే, చెప్పకు అన్నారు.

మా ఆయన చివరి చెంచా వదిలారు. అలవాటు. నేను వద్దని తల ఊపాను. ఆయన గిన్నె చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నారు. తినండి అన్నాను. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ చెంచా రుచి నాకు తెలీదు అన్నారు. తిన్నారు. ఎలా ఉందన్నాను. మిగతా దానిలాగే ఉందే అన్నారు ఆశ్చర్యంగా.

ఇన్నాళ్లూ నాది మాత్రం వేరేగా ఉండేది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. దేవుడికి చెప్పాను.

జూలై 15, మంగళవారం

నూట ఎనభై నాలుగు. నర్సమ్మాయి నన్ను వాటేసుకుంది. ఆ పిల్ల బుగ్గలు కాస్త నిండాయి.

జూలై 23, బుధవారం

తప్పు చేశాను. ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూర గిన్నె గీకాను. రెండు గరిటెలు. కొత్త గడిలో రాసేశాను.

ఆగస్టు 5, మంగళవారం

నూట నలభై ఏడు. మాస్టరు రోజూ లాటరీ నంబరు అడిగినట్టు అడుగుతున్నాడు.

ఆగస్టు 12, మంగళవారం

నూట ముప్పై రెండు.

ఎవరెవరికని దండం పెట్టను? పైవాడికి, అత్తయ్యకి, ఇవాళ నా కోసం సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన మా ఆయనకి, వేలు పొడిచిన పిల్లకి, గడి గీసిన పిల్లకి. అత్తయ్య వాళ్ల అమ్మకి కూడా. ఆవిడ ముఖం ఎలా ఉంటుందో తెలీదు, ఫోటో లేదు. ఆవిడ పేరు చెప్పుకుని ఒక ప్రార్థన ఎక్కువ చేశాను.

ఆపరేషన్ ఇరవై ఒకటిన.

ఆగస్టు 22, శుక్రవారం

కట్టు విప్పారు.

అన్నం ఇంత తెల్లగా ఉంటుందా? పళ్లెం ముందు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చల్లారిపోతోంది, తినవే అన్నారు అత్తయ్య.